క్షయ క్రిమికి పుట్టుమచ్చలు వెదికిన కథ

ప్రత్యేక సంచికకు ఆరోగ్య సంబంధమైన వ్యాసం ఒకటి కావాలని మన సంఘ కార్యదర్శి గారు అడిగారు. రక్తపోటు, మధుమేహం, మోకాళ్ళ నొప్పుల గురించి మన పత్రికలో పెద్దలు ఇదివరకే చక్కగా రాసి ఉన్నారు. కనుక నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ కాలం గడిచిన ప్రయోగశాల గురించి, అందులోనూ క్షయ క్రిమిని గుర్తుపట్టే పద్ధతుల చరిత్ర గురించి రాస్తానని చెప్పాను. నేను వైద్యుడిని కాను. గాజు పలకలు కడిగి, ద్రావకాలు కలిపి, ఫలితాలు రిజిస్టరులో రాసి పదవీ విరమణ చేసిన లాబ్ టెక్నీషియన్ని. అందుచేత ఇది చికిత్సకు సంబంధించిన సలహా కాదని పాఠకులు గమనించ ప్రార్థన.

మన అందరి సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలోనూ గుర్తింపు చిహ్నాలు అని ఒక గడి ఉండేది. కుడి చెంప మీద పుట్టుమచ్చ, ఎడమ మోచేతి కింద గాయపు మచ్చ, ఇలా రెండు రాసేవారు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, ఒకే తండ్రి పేరు గల ఉద్యోగులు ఇద్దరు ఒకే శాఖలో ఉన్న సందర్భాలు మనకు తెలుసు. అటువంటప్పుడు ఆ మచ్చలే ఆధారం. క్షయ క్రిమి విషయంలో శాస్త్రజ్ఞులు నూరేళ్ళకు పైగా చేసిన పని అచ్చం ఇదే. ఆ క్రిమి ఇంటిపేరు మైకోబాక్టీరియం. ఆ ఇంటిపేరుతో నూటికి పైగా జాతులున్నాయి. కుష్ఠు క్రిమి ఆ ఇంటిదే, పశువుల క్షయ క్రిమి ఆ ఇంటిదే. మట్టిలో, చెరువు నీటిలో, కొళాయి నీటిలో బతుకుతూ మనిషి జోలికి సాధారణంగా రాని వారు కూడా ఆ ఇంట్లో ఎందరో ఉన్నారు. అందరి ఒంటి మీదా మైనం వంటి మందపాటి పొర ఉంటుంది. సూక్ష్మదర్శినిలో అందరూ ఎర్రటి సన్న పుల్లల్లాగే కనిపిస్తారు. మరి ఎవరు ఎవరో తేల్చేదెట్లా?

ఇక్కడే యాంటిజెన్ అన్న మాట వస్తుంది. తెలుగులో ప్రతిజనకం అని రాస్తున్నారు. క్రిమి ఒంటి మీదా లోపలా ఉండే మాంసకృత్తులు, చక్కెర పదార్థాలు మన శరీరంలో ప్రవేశించినప్పుడు, శరీరం వాటిని పరాయివిగా గుర్తించి రెండు రకాల స్పందన చూపుతుంది. ఒకటి, రక్తంలో యాంటీబాడీలు అనే ప్రతిరక్షకాలను తయారు చేయడం. రెండు, తెల్ల రక్తకణాలను ఆ పదార్థాన్ని గుర్తుపట్టేట్టు తర్ఫీదు చేయడం. ఇలా శరీరం గుర్తుపట్టే ప్రతి పదార్థమూ యాంటిజెనే. కథంతా ఈ ఇద్దరు సాక్షుల చుట్టూ తిరుగుతుంది కనుక ఈ తేడాను కొంచెం గుర్తుంచుకోవాలి. రక్తంలోని సాక్షి వేరు, కణాలలోని సాక్షి వేరు.

రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో క్షయ క్రిమిని కనుగొన్నట్టు ప్రకటించాడు. ఆయన కీర్తి దిగంతాలకు పాకింది. 1890లో ఆ క్రిమిని పెంచిన ద్రవం నుంచి తీసిన ఒక పదార్థంతో క్షయను నయం చేయవచ్చునని ఆయనే ప్రకటించేసరికి, యూరపు నలుమూలల నుంచీ రోగులు, వైద్యులు బెర్లినుకు పరుగులు తీశారు. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన ఆర్థర్ కోనన్ డాయిల్ కూడా వైద్యుడే. ఆయనా వెళ్ళి చూసి, అంత తొందరపడవద్దని పత్రికకు రాశాడు. ఆయన అనుమానమే నిజమైంది. మందు పనిచేయలేదు, కొందరికి ప్రాణం మీదకు వచ్చింది. ఆ మందులో ఏముందో కాక్ కొంతకాలం దాచాడు. 1891 జనవరిలో గానీ అది క్రిముల గ్లిసరిన్ సారమని బయటపెట్టలేదు. అదే ట్యూబర్క్యులిన్.

అయితే ఆ ఓటమిలో ఒక సంగతి దొరికింది. కాక్ ఆ మందును తన చేతికే పొడుచుకున్నాడు. కొన్ని గంటల్లో చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు పట్టుకున్నాయి. క్షయ సోకిన వారిలో ఆ మందు పెద్ద స్పందన తెస్తుంది, సోకని వారిలో పెద్దగా తేదు. మందుగా పనికిరానిది పరీక్షగా పనికివస్తుందన్నమాట. 1907లో వియన్నాలో పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే చర్మం గీరి ట్యూబర్క్యులిన్ చుక్క వేసే పద్ధతి తెచ్చాడు. అలెర్జీ అన్న మాటను అంతకు ముందు ఏడాది పుట్టించింది కూడా ఈయనే. మరుసటి ఏడాది ఫ్రాన్సులో షార్ల్ మాంటూ సన్నని సూదితో చర్మం పొరల మధ్యకు ఎక్కించే పద్ధతిని వివరించాడు. మన పిల్లలకూ మనవలకూ ముంజేతి మీద పొడిచి, రెండు మూడు రోజుల తర్వాత స్కేలుతో కొలిచే మాంటూ పరీక్ష అదే.

ఈ పరీక్షలో పెద్ద చిక్కు ఆ ద్రవమే. కాక్ నాటి ట్యూబర్క్యులిన్ అంటే క్రిములను పెంచిన రసాన్ని కాచి చిక్కబరచిన కషాయం. ఏ సంస్థ కాచిన కషాయం బలం ఆ సంస్థదే. దీన్ని శుద్ధి చేసిన ఘనత ఫ్లోరెన్స్ సైబర్ట్ అనే అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞురాలిది. మూడేళ్ళ వయసులో పోలియో వచ్చి కాలు కుంటి అయిన మనిషి. ఈమె గురించి ఒక మాట పక్కకు జరిగి చెప్పాలి. 1920లలో నరానికి ఇంజక్షన్ ఇస్తే రోగులకు చలిజ్వరం వచ్చేది. దానికి కారణం మరిగించి దించిన నీటిలోకి చేరుతున్న బాక్టీరియాల విషమని పట్టుకున్నది కూడా ఈమే. మన వయసు వారందరం ఎప్పుడో ఒకప్పుడు సెలైన్ ఎక్కించుకున్నవాళ్ళమే కనుక ఈమెకు మనం కొంత రుణపడి ఉన్నాం.

ఫిలడెల్ఫియాలోని హెన్రీ ఫిప్స్ సంస్థలో సైబర్ట్ ఏళ్ళ తరబడి ఆ కషాయం నుంచి మాంసకృత్తులను విడదీసి, 1934లో శుద్ధి చేసిన పదార్థాన్ని వివరించింది. దాని పొడి పేరు పి.పి.డి. 1939 ప్రాంతంలో ఆమె పెద్ద మొత్తంలో తయారుచేసిన ఒక బాచ్‌కు పి.పి.డి.-ఎస్ అని పేరు పెట్టారు. తర్వాత అదే ప్రపంచ ప్రమాణమైంది. మీటరు కొలతకు ప్యారిస్‌లో ఒక కడ్డీ ఉండేదని చిన్నప్పుడు చదువుకున్నాం కదా, ట్యూబర్క్యులిన్‌కు ఈ బాచ్ అటువంటిది. తర్వాత 1958లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లోని స్టేటెన్స్ సీరమ్ సంస్థలో తయారైన ఆర్.టి. 23 అనే బాచ్ మన దేశానికి బాగా పరిచయం. గిండీలోని బి.సి.జి. లాబొరేటరీలో దాన్నే పలచన చేసి సీసాలలో నింపి పంపేవారు.

శుద్ధి అన్నాం గానీ, అది పూర్తి శుద్ధి కాదు. ఆవిరిలో ఉడికిన క్రిముల ముక్కలు వందల రకాలు అందులో ఉన్నాయి. ఆ ముక్కలలో చాలా భాగం ఆ ఇంట్లో అందరికీ ఉన్నవే. అంటే ఇంటిపేరు తెలుస్తుంది గానీ మనిషి పేరు తెలియదు.

ఈ చిక్కు మన ప్రాంతంలో ఎంత పెద్దదో తెలియడానికి మదనపల్లె వైపు చూడాలి. అక్కడికి దగ్గరలో ఆరోగ్యవరం అని అందమైన పేరు పెట్టుకున్న క్షయ శానిటోరియం 1915 నుంచి ఉన్న సంగతి రాయలసీమ మిత్రులకు చెప్పనక్కరలేదు. మందులు లేని రోజులలో కొండగాలి, మంచి తిండి, విశ్రాంతి కోసం ఎక్కడెక్కడి నుంచో రోగులు అక్కడికి వచ్చేవారు. డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమాట్ మోలర్ వంశం వారు రెండు తరాలు అక్కడ పనిచేశారు. 1950 నుంచి చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటికీ వెళ్ళి ట్యూబర్క్యులిన్ వేసి, బి.సి.జి. టీకా ఇచ్చి, ఏళ్ళ తరబడి ఆ జనాన్ని గమనించారు. 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. ఇంగ్లండు బడి పిల్లలలో కనిపించినంత రక్షణ ఇక్కడ కనిపించలేదు. పైగా ఇక్కడి జనంలో చాలామందికి ట్యూబర్క్యులిన్‌కు చిన్నపాటి, నీరసమైన వాపు వస్తోంది. అది క్షయ సోకిన వారికి వచ్చేంత పెద్దది కాదు, సోకని వారిలో లాగా పూర్తిగా లేకపోవడమూ కాదు. ఎవరో చుట్టాలు ముందే వచ్చిపోయిన జాడ అది.

ఆ చుట్టాల సంగతి అమెరికాలో కారొల్ పామర్, లిడియా ఎడ్వర్డ్స్ బృందం వేరే దారిలో తేల్చింది. నౌకాదళంలో చేరే యువకుల చేతుల మీద రెండు చోట్ల పొడిచారు. ఒక చోట క్షయ క్రిమి పి.పి.డి., మరొక చోట జార్జియా రాష్ట్రంలోని బాటీ ఆసుపత్రి పేరుతో పిలిచే క్రిమి నుంచి తీసిన పి.పి.డి.-బి. దక్షిణ తీరప్రాంతాల కుర్రవాళ్ళలో చాలామందికి రెండో వాపే పెద్దది. ఒకే చేతి మీద రెండు యాంటిజెన్ల మధ్య పోటీ పెట్టి, ఏ వాపు పెద్దదైతే ఆ క్రిమే సోకిందని అంచనా వేసే ఈ పద్ధతి మన పశుసంవర్ధక శాఖ మిత్రులకు చిరపరిచితం. పశువు మెడ మీద పశువుల ట్యూబర్క్యులిన్, పక్షుల ట్యూబర్క్యులిన్ పక్కపక్కనే పొడిచి చర్మం మందం కొలుస్తారు కదా, అదే.

1968 నుంచి 1971 వరకు మన సరిహద్దుకు ఆనుకునే ఉన్న చెంగల్పట్టు జిల్లాలో భారత వైద్య పరిశోధన మండలి ప్రపంచంలోనే అతి పెద్ద బి.సి.జి. ప్రయోగం జరిపింది. రెండున్నర లక్షల మందికి పైగా పాల్గొన్నారు. కొందరికి టీకా, కొందరికి టీకా లేని ఉత్త ద్రవం. ఎవరికి ఏది ఇచ్చారో ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ తెలియదు. ప్రతివారికీ పి.పి.డి.-ఎస్, పి.పి.డి.-బి రెండూ వేసి కొలిచారు. ఏడున్నరేళ్ళ గమనింపు ఫలితాలు వెలువడినప్పుడు ప్రపంచం నివ్వెరపోయింది. పెద్దవారికి వచ్చే ఊపిరితిత్తుల క్షయ నుంచి టీకా రక్షణ ఇవ్వలేదు. పి.పి.డి.-బి.కి మాత్రం యుక్తవయసు వచ్చేసరికి ఆ ప్రాంతపు జనంలో అత్యధికులు స్పందిస్తున్నారు. మట్టిలోని, నీటిలోని చుట్టాలతో పరిచయం ముందే అయిపోయినందువల్ల టీకా చేయగలిగింది కొత్తగా కనబడలేదని కొందరు శాస్త్రజ్ఞులు దీనికి కారణం చెప్పారు. దీన్ని చదివి బి.సి.జి. వృథా అనుకోరాదు. పసిపిల్లలలో మెదడు పొరల క్షయ వంటి ప్రాణాంతక రూపాల నుంచి అది రక్షిస్తుంది కనుకనే పుట్టిన వెంటనే వేస్తున్నారు.

చర్మం మీద వాపు ఒక్కటే సాక్షిగా ఉంటే ఇంతకంటె తేలదు. ఆ వందల పదార్థాలలో ఏది అందరిదీ, ఏది క్షయ క్రిమికే సొంతం అన్నది ఒక్కొక్కటే విడదీసి చూడాలి. ఆ పని గాజు పలక మీద మొదలైంది. దానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

అగర్ పలక మీద తెల్లగీతలు

1948లో స్వీడన్‌కు చెందిన ఓయెర్యన్ ఔక్టెర్లోనీ ఒక పద్ధతి వివరించాడు. ఇంతకంటె సులభమైన, ఇంతకంటె అందమైన పద్ధతి నా ఉద్యోగ జీవితంలో మరొకటి చూడలేదు. సముద్రపు నాచు నుంచి తీసే అగర్ పొడిని వేడినీటిలో కరిగించి పలక మీద పోస్తే చల్లారాక జున్నులా గడ్డకడుతుంది. దానిలో మధ్య ఒక గుంట, చుట్టూ గుంటలు తొలుస్తాం. మధ్య గుంటలో, క్రిమి సారాన్ని ఎక్కించిన కుందేలు లేదా మేక నుంచి తీసిన సీరం పోస్తాం. దానిలో యాంటీబాడీలు ఉంటాయి. చుట్టూ గుంటలలో మనం పోల్చదలచిన క్రిముల సారాలు. మూతబెట్టి తడి గుడ్డ వేసిన డబ్బాలో ఒకటి రెండు రోజులు ఉంచుతాం. అటునుంచి యాంటిజెన్, ఇటునుంచి యాంటీబాడీ అగర్‌లో మెల్లగా పాకుతూ వస్తాయి. రెండూ తగిన పాళ్ళలో కలిసిన చోట వెంట్రుక వంటి తెల్లని గీత పడుతుంది. నల్ల కాగితం మీద పెట్టి పక్కనుంచి దీపం వేస్తే కనబడుతుంది. ఒక్కో యాంటిజెన్‌కు ఒక్కో గీత.

అసలు గొప్పతనం ఆ గీతలు కలిసే తీరులో ఉంది. పక్కపక్క గుంటల నుంచి వచ్చిన రెండు గీతలు కొసలు కలిసి ఒకే విల్లులా వంగితే రెండు క్రిములలోనూ ఉన్నది ఒకే యాంటిజెన్. ఒకదానినొకటి అడ్డంగా దాటిపోతే రెండూ వేర్వేరు. కలిసి, ఒక పక్కకు మాత్రం ముల్లులా చిన్న కొస పొడుచుకు వస్తే, కొంత పోలిక ఉంది, కొంత లేదు. ఖరీదైన యంత్రం లేదు, కరెంటు పోయినా ఫరవాలేదు. దోమలు గుంటలలో పడకుండా చూసుకుంటే చాలు. 1958లో పార్లెట్, యూమన్స్ అనే అమెరికన్లు ఈ విధంగా 98 రకాల మైకోబాక్టీరియాలను ఒకదానితో ఒకటి పోల్చి ఎవరికెవరు దగ్గరో చూపారు.

క్రిమి సారంలో యాంటిజెన్లు ఎక్కువైతే గీతలు ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతాయి. 1953లో ప్యారిస్‌లో పియెర్ గ్రబార్, కర్టిస్ విలియమ్స్ దీనికి ఉపాయం కనిపెట్టారు. ముందు అగర్ గుండా కరెంటు పంపితే పదార్థాలు తమ తమ విద్యుదావేశాన్ని బట్టి పరుగు పందెంలో లాగా విడిపోతాయి. ఆ తర్వాత పక్కన పొడవాటి కాలువ తవ్వి సీరం పోస్తే, ఒక్కొక్కదానికీ విడిగా విల్లు వంటి గీత వస్తుంది. 1965లో స్వీడన్‌లోనే లారెల్ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. రెండోసారి కరెంటును అడ్డదిశలో, సీరం కలిపిన అగర్‌లోకి పంపాడు. అప్పుడు విల్లుల బదులు కొండ శిఖరాల వరుస వస్తుంది. శిఖరం కింద వైశాల్యాన్ని బట్టి ఆ యాంటిజెన్ ఎంత ఉందో కూడా లెక్కకట్టవచ్చు.

ఇక గందరగోళం మొదలైంది. ఒక ప్రయోగశాల వారు తమ మూడో గీత గురించి రాస్తే, ఇంకొక దేశం వారికి అది తమ ఏడో గీతో, తొమ్మిదో గీతో తెలియదు. మన కార్యాలయాలలో ఒకే ఫైలుకు జిల్లాలో ఒక నంబరు, డైరెక్టరేట్‌లో ఒక నంబరు, సచివాలయంలో మరో నంబరు ఉంటే ఎలా ఉండేదో అలాగన్నమాట. దీన్ని చక్కదిద్దే పనికి అమెరికా, జపాన్ దేశాల ఉమ్మడి వైద్య పరిశోధన కార్యక్రమం పూనుకుంది. 1971లో జానికి, చాపరస్, డానియెల్ ప్రభృతులు క్షయ క్రిమికి ఒక ప్రమాణ పట్టిక ప్రకటించారు. ఒకే సీరం, ఒకే సారం అందరికీ ఇచ్చి, వచ్చిన విల్లులకు 1 నుంచి 11 వరకు నంబర్లు వేశారు. కొత్తగా ఎవరికి ఏ గీత వచ్చినా ఈ పలక పక్కన పెట్టి, కొసలు దేనితో కలుస్తున్నాయో చూసి నంబరు చెప్పాలి.

పట్టికలో 1, 2, 3 నంబర్లవి చక్కెర పదార్థాలని తేలింది. ఆ ఇంట్లో అందరికీ అవి ఉన్నాయి కనుక గుర్తింపుకు పనికిరావు. అందరి కళ్ళూ పడింది 5వ నంబరు మీద. అది క్షయ క్రిమికీ, దాని అతి దగ్గరి బంధువులకూ దాదాపు పరిమితమైనదిగా కనిపించింది. 1978లో థామస్ డానియెల్ దాన్ని విడదీశాడు. దాన్ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీలను సన్నని పూసలకు అంటించి గొట్టంలో నింపి, పైనుంచి క్రిమి సారం పోశాడు. మిగతావన్నీ జారిపోయాయి, 5వ నంబరు పూసలకు అతుక్కుంది. తర్వాత ద్రావకం మార్చి దాన్ని ఊడదీసుకున్నాడు. ముత్యాల ముగ్గు నుంచి ఒక్క ముత్యాన్ని ఏరినట్టు అనిపించి, ఈ పద్ధతి గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు ఎంతో ముచ్చట వేసింది.

నార్వేలోని ఓస్లోలో మోర్టెన్ హార్బో, క్లాస్ మొదలైనవారు 1980లో బి.సి.జి. క్రిమికి లారెల్ శిఖరాల పద్ధతిలో ఇంకా పెద్ద పట్టిక తయారు చేశారు. అందులో 85వ నంబరు ఈనాటికీ ఆ నంబరుతోనే చలామణి అవుతోంది. అదేమిటో 1997లో గానీ తెలియలేదు. క్రిమి తన మైనపు గోడను కట్టుకోవడానికి వాడే ఎంజైము అది, మాటవరసకు ఆ ఇంటి మేస్త్రీ. అందుకే ఆ వంశంలో అందరికీ ఉంది. కుష్ఠు క్రిమిని గాజు పాత్రలో పెంచడం ఎవరికీ సాధ్యం కాలేదు కనుక, దాని యాంటిజెన్లను తెలుసుకోవడానికి ఇటువంటి పోలికలే హార్బో వంటి వారికి పెద్ద ఆధారమయ్యాయి.

రక్తపరీక్షల బేరం

రక్తంలోని యాంటీబాడీని పట్టుకుంటే క్షయ ఉన్నదీ లేనిదీ చెప్పవచ్చునన్న ఆశ చాలా పాతది. 1898లోనే ఫ్రాన్సులో ఆర్లోయింగ్ ప్రయత్నించాడు. 1971లో ఎలీసా పద్ధతి వచ్చాక ఆ ఆశకు రెక్కలు వచ్చాయి. ఒక్క చుక్క రక్తం, ప్లాస్టిక్ పలకలో గుంటలు, రంగు వస్తే ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. 5వ నంబరుతో సహా రకరకాల యాంటిజెన్లతో కిట్లు మార్కెట్లోకి వచ్చాయి.

వాటి దెబ్బ ఎంతటిదో మన ఇళ్ళలోనూ చూశాం. మా దగ్గరి బంధువు ఒకావిడకు సంతానం కలగక పరీక్షలకు వెళితే, ఒక ప్రైవేటు లాబ్ వారు ఈ రక్తపరీక్ష చేసి క్షయ అని కాగితం చేతిలో పెట్టారు. దగ్గు లేదు, జ్వరం లేదు, బరువు తగ్గలేదు. ఎక్స్‌రే బాగుంది. అయినా ఆరు నెలల మందులు మింగింది. అంతకంటె, అత్తవారింట్లో ఆమె గ్లాసూ కంచమూ వేరు పెట్టారు. ఆ కాగితం మీద పాజిటివ్ అని అచ్చయిన ఒక్క ముక్కతో ఇదంతా.

తప్పు ఎక్కడుందో ఈపాటికి పాఠకులకు అర్థమై ఉంటుంది. ఇంటిపేరు యాంటిజెన్లు వాడితే మట్టి క్రిముల పరిచయం ఉన్నవారికీ, టీకా వేసుకున్నవారికీ రంగు రావచ్చు. సొంతపేరు యాంటిజెన్ వాడినా, నిజంగా జబ్బు ఉన్నవారిలో చాలామంది రక్తంలో ఆ యాంటీబాడీ చాలినంత ఉండదు. క్షయతో పోరాటంలో ముఖ్య పాత్ర యాంటీబాడీలది కాదు, కణాలది. కళ్ళారా చూడని సాక్షిని బోనులో నిలబెట్టినట్టయింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రక్తపరీక్షలను క్షయ నిర్ధారణకు వాడరాదని విస్పష్టంగా ప్రకటించింది. ఒక క్షయ పరీక్షను వద్దని ఆ సంస్థ చెప్పడం అదే మొదటిసారి. అప్పటికి మన దేశంలో ఏడాదికి 15 లక్షల దాకా ఇవి జరుగుతున్నాయని అంచనా. 2012 జూన్‌లో భారత ప్రభుత్వం ఈ కిట్ల తయారీ, అమ్మకం, దిగుమతులను నిషేధించింది. నా ఉద్దేశంలో క్షయ విషయంలో మన ప్రభుత్వాలు చేసిన మంచి పనులలో ఇది ముందు వరుసలోది. దీని గురించి పత్రికలలో రావలసినంత రాలేదు.

పోగొట్టుకున్న ముక్క

అగర్ గీతల కాలం 1980లలో మెల్లగా ముగిసింది. 1975లో కేంబ్రిడ్జిలో కోయెలర్, మిల్‌స్టైన్ కనిపెట్టిన మోనోక్లోనల్ యాంటీబాడీలు ఒక్కొక్కటీ యాంటిజెన్‌లో ఒకే ఒక్క చిన్న భాగాన్ని పట్టుకుంటాయి. మేక సీరం జాతరైతే ఇది ఒంటరి బాటసారి. 1981లో లండన్‌లో వాటిని క్షయ క్రిమి మీద ప్రయోగించినవారిలో డెనిస్ మిచిసన్ ఒకరు. ఇళ్ళ దగ్గరే ఉంచి క్షయకు మందులివ్వవచ్చునని 1950లలో నిరూపించిన మద్రాసు పరిశోధనల వెనుక ఉన్న మేధావులలో కూడా ఆయన ఒకరు. 1985లో క్రిమి జన్యువులను ముక్కలుగా వేరే బాక్టీరియాలో పెట్టి, యాంటిజెన్లను ఒక్కొక్కటిగా తయారు చేయించడం మొదలైంది. 1998లో క్షయ క్రిమి జన్యు గ్రంథం యావత్తూ చదివేశారు. అక్షరాలు 44,11,529. జన్యువులు దాదాపు నాలుగు వేలు. ఆ చదివిన క్రిమి హెచ్-37-ఆర్‌వి రకం. దాని మూలపురుషుడిని 1905లో అమెరికాలోని ట్రూడో శానిటోరియంలో ఒక రోగి నుంచి తీశారు. నూరేళ్ళు ప్రపంచమంతటా ప్రయోగశాలలలో పిల్లాపాపలతో వర్ధిల్లింది.

ఇన్నాళ్ళ వెదుకులాటకు సమాధానం మాత్రం ఊహించని చోట, మన భుజం మీది టీకా మచ్చలో దొరికింది. ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనేవారు పశువుల క్షయ క్రిమిని తీసుకుని, ఎద్దు పైత్యరసం, గ్లిసరిన్, బంగాళాదుంప కలిపిన ఆహారం మీద 1908 నుంచి పదమూడేళ్ళు, 230 సార్లు తిరగనాటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో వారి ఊరు లీల్ జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు కూడా ఆపలేదు. ఆ సుఖవాసంలో క్రిమి తన కోరలు పోగొట్టుకుంది. అదే బి.సి.జి. ఆ కోరలేవో 1996లో తెలిసింది. మహైరస్, స్టోవర్ బృందం బి.సి.జి. జన్యువులను అసలు క్రిమి జన్యువులతో పక్కపక్కన పెట్టి ఒకదాని నుంచి ఒకటి తీసివేస్తే, బి.సి.జి.లో లేని ఒక ముక్క మిగిలింది. దాని పేరు ఆర్.డి.-1. దాదాపు 9,500 అక్షరాలు. కోపెన్‌హాగన్‌లో పీటర్ ఆండర్సన్ బృందం అంతకు ముందు ఏడాదే వర్ణించిన ఈసాట్-6 అనే చిన్న మాంసకృత్తు జన్యువు ఆ ముక్కలోనే ఉంది. దాని జోడీ సి.ఎఫ్.పి.-10 కూడా అక్కడిదే. క్షయ క్రిమి మన కణాలను ఛేదించడానికి వాడే ఆయుధాలు ఇవి. ఏ ముక్క పోవడం వల్ల క్రిమి టీకాగా మారిందో, ఆ ముక్కే టీకాకూ జబ్బు క్రిమికీ తేడా చెప్పే పుట్టుమచ్చ అయింది. మట్టిలోని చుట్టాలలో చాలామందికి ఇవి లేవు. మైకోబాక్టీరియం కాన్సాసీ వంటి ఒకరిద్దరికి ఉన్నాయి కనుక నూటికి నూరు పాళ్ళు అనలేం.

ఈసారి సాక్షిగా యాంటీబాడీని గాక కణాలనే పిలిచారు. రోగి రక్తంలో ఈ రెండు యాంటిజెన్లను కలిపి ఒక రాత్రంతా వెచ్చగా ఉంచి, ఎరిగిన కణాలు వదిలే ఇంటర్‌ఫెరాన్ గామాను కొలుస్తారు. రక్తాన్ని ఇలా పరీక్షించే ఉపాయం 1990 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో ముందు పశువుల కోసం పుట్టింది. మనుషులకు తర్వాత వచ్చింది. మనవలు విదేశాలకు చదువుకు పోయేటప్పుడు వీసా వైద్య పరీక్షలలో అడిగే ఇగ్రా పరీక్ష ఇదే. చాలా ఇళ్ళలో పాజిటివ్ అని రాగానే గాభరా పడుతున్నారు. క్రిమి ఎప్పుడో ఒంట్లో చేరిందని మాత్రమే దాని అర్థం. జబ్బు ఉందని కాదు. క్రిమి నిద్రలో ఉన్నదో మేలుకున్నదో ఈ యాంటిజెన్లు చెప్పలేవు. అది తెలియాలంటే కఫం పరీక్షే చేయాలి, ఎక్స్‌రే చూడాలి, వైద్యుడు పరీక్షించాలి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

ఇగ్రా ఖరీదెక్కువ, దానికి మంచి ప్రయోగశాల కావాలి. అందుచేత ఈసాట్-6, సి.ఎఫ్.పి.-10లను చర్మంలోకే పొడిచే పరీక్షలు తయారయ్యాయి. వాటిలో ఒకటైన సై-టీబీని పూణేలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారు చేస్తోంది. ఈ తరహా చర్మ పరీక్షలను వాడవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫార్సు చేసింది. సైబర్ట్ పొడిలో వందల పదార్థాలుంటే ఈ సీసాలో రెండే ఉన్నాయి. భుజం మీద బి.సి.జి. మచ్చ ఉన్నా లేకపోయినా లెక్క ఒకటే. పొడిచేది మాత్రం మాంటూ చూపిన చోటే, ముంజేతి చర్మం పొరల మధ్య. రెండు మూడు రోజుల తర్వాత వాపును అదే స్కేలుతో అడ్డంగా కొలుస్తారు. 5 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే పాజిటివ్ అని రాస్తారు.